లీటరుకు ఎంత?

ఉప్పు డబ్బా నుంచి బోరు నీళ్ళ దాకా, కళాయి పొయ్యి నుంచి పాత ఫొటోల దాకా మన బతుకుల్లో కరిగిపోయిన హాలైడ్ల కథ

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. పేర్లన్నీ ఒక కాగితం మీద పట్టక బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. వాళ్ళలో ఎక్కువమందికి గెలుపు మీద ధ్యాస లేదు. తమ ఊళ్ళ బావుల్లో, బోర్లలో ఊరే నీళ్ళు తాగి పిల్లల కాళ్ళు వంకరపోతున్నాయని, కృష్ణా నీళ్ళు ఇచ్చి తీరాలని దేశం చెవిన వేయడానికి జల సాధన సమితి పిలుపు అందుకుని నామినేషన్లు వేసిన మామూలు జనం వాళ్ళు.

ఇంతమందిని ఎన్నికల బరిలోకి దింపిన పదార్థానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. దాని పేరు ఫ్లోరైడ్. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే పళ్ళకు మేలు చేస్తుంది. పది మిల్లీగ్రాములుంటే, ఏళ్ళ తరబడి తాగితే, మనిషి నడుము విరుస్తుంది. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని జీవితాలు నలిగిపోయాయో నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెలకు తెలుసు. హాలైడ్లు అనగానే ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం గుర్తొచ్చి పేజీ తిప్పేయకండి. మనం పొద్దున లేచి పళ్ళు తోముకున్నప్పటి నుంచి రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని ఉప్పు వేసుకునే దాకా వాటితోనే గడుపుతున్నాం.

ఎనిమిదో ఎలక్ట్రాన్

ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. ఈ నాలుగు మూలకాల పరమాణువుల వెలుపలి కక్ష్యలో ఏడేసి ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఎనిమిదైతే గానీ వాటికి స్థిమితం లేదు. ఆ ఒక్కదాని కోసం ఎదురుపడిన దేని మీదైనా పడతాయి. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం ఆయుధంగా వదిలింది క్లోరిన్ వాయువునే. ఊపిరితిత్తుల తడి తగిలితే చాలు, అది కణాలను కాల్చేస్తుంది. ఫ్లోరిన్ ఇంకా ఉద్ధృతం. దాన్ని విడిగా పట్టుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రసాయనవేత్తలున్నారు. చివరికి 1886లో ఫ్రాన్స్‌లో హెన్రీ మోయిసాన్ సాధించాడు. 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఆ ఎనిమిదో ఎలక్ట్రాన్ దొరకగానే స్వభావం మారిపోతుంది. క్లోరిన్ కాస్తా క్లోరైడ్ అయి, సోడియంతో జతకట్టి చారులో కరుగుతుంది. ఇలా ఎలక్ట్రాన్ అందుకుని రుణావేశం తెచ్చుకున్న రూపాలే ఫ్లోరైడ్, క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్. ఇవి ఏదో ఒక లోహంతోనో, అమ్మోనియంతోనో కలిస్తే హాలైడ్ లవణాలు.

నాలుగూ ఒకేచోట కావాలంటే సముద్రానికి వెళ్ళాలి. లీటరు సముద్రపు నీటిలో క్లోరైడ్ సుమారు 19 గ్రాములు, బ్రోమైడ్ దాదాపు 65 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.3 మిల్లీగ్రాములు ఉంటాయి. అయోడిన్ 0.06 మిల్లీగ్రాము మాత్రమే. మన ఒంటికి కూడా వీటిలో క్లోరైడే గ్రాముల్లో కావాలి, అయోడిన్ మైక్రోగ్రాములు చాలు. రసాయనం పేరు చెప్పి మంచిదా చెడ్డదా అని అడిగేవారికి ఈ కుటుంబం దగ్గర జవాబు దొరకదు. లీటరుకు ఎంత అని అడగాలి. ఆ ప్రశ్న ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, జవాబు తెలిశాక ఏం చేశారు అన్నదే ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది.

రాయిలోంచి ఎముకలోకి

నల్గొండ గ్రానైట్‌లో ఫ్లోరైడ్ మామూలు గ్రానైట్‌లో కంటే ఎక్కువ. ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ అనే ఖనిజాల్లో అది బిగిసి ఉంటుంది. రాయిలో ఉన్నంత మాత్రాన నీళ్ళలోకి దిగదు. దాన్ని ఆపేది కాల్షియం. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్ళలో కరగడానికి మొరాయిస్తుంది. స్వచ్ఛమైన నీరైనా లీటరుకు 16 మిల్లీగ్రాములకు మించి కరిగించలేదు. నీళ్ళలో ముందే కాల్షియం ఉంటే అంత కూడా కరగదు.

అయితే వాన తక్కువగా, ఎండ ఎక్కువగా ఉన్న నేలల్లో నీరు ఆవిరవుతూ కాల్షియాన్ని మట్టిలోనే సున్నపు గడ్డలుగా వదిలేస్తుంది. మిగిలిన నీటిలో సోడియం, బైకార్బొనేట్ పోగవుతాయి. ఆపే కాల్షియం లేని ఈ క్షార జలం రాతిలోని ఫ్లోరైడ్‌ను ఊడబెరుకుతుంది. అందుకే ఒకే వీధిలో ఒక బోరు మంచిది, మరొకటి కాదు. ఇంకో దారుణం ఏమిటంటే, కాల్షియం తగ్గిన ఆ నీళ్ళు నోటికి కమ్మగానే ఉంటాయి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది.

తాగాక అది వెళ్ళేది ఎముకల్లోకి, పళ్ళలోకి. రెండూ హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలతో కట్టినవే. అందులోని హైడ్రాక్సిల్ అయానుకూ ఫ్లోరైడ్‌కూ పరిమాణం దాదాపు ఒకటే. కాబట్టి ఒకదాని చోటులోకి మరొకటి సులువుగా దూరిపోతుంది. పంటి పైపొరలో కొద్దిగా ఈ మార్పు జరిగితే పన్ను గట్టిపడి నోట్లోని ఆమ్లాలకు త్వరగా కరగదు. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ కలిపేది ఇందుకే. మోతాదు మించితే కథ తిరగబడుతుంది. పళ్ళు రూపుదిద్దుకునే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు గారపట్టినట్టు గోధుమరంగు చారలు వస్తాయి. ఎముక మందమెక్కుతూనే పెళుసుబారుతుంది. కీళ్ళ దగ్గర ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు సున్నంలా గట్టిపడతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా అయిన మనిషిని వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పి చూడలేడు, ఒళ్ళంతా తిప్పి చూస్తాడు. బాసిపట్లు వేసుకుని అన్నానికి కూర్చోలేడు. బిందె ఎత్తలేని ఆడవాళ్ళు, మంచం దిగలేని నడివయసు రైతులు ఒకే వీధిలో నలుగురైదుగురు కనిపించిన ఊళ్ళున్నాయి.

ఇది నిన్నమొన్న తెలిసింది కాదు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషులు అవిటివాళ్ళవుతున్న సంగతిని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించారు. వాళ్ళు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా రోగులను. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనివే. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్గొండ పరిస్థితిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి మరో కొత్త సంగతి బయటపెట్టారు. ఎదిగే పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే వైకల్యాన్ని గుర్తించి లాన్సెట్‌లో రాశారు. పాలు, కాల్షియం అందని పేద పిల్లలను ఫ్లోరైడ్ ఎక్కువగా పట్టి పీడిస్తుంది.

1937కీ 1945కీ మధ్య ఎనిమిదేళ్ళే. ఆ 1945 జనవరిలో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణం పుచ్చు పళ్ళు తగ్గించడానికి కుళాయి నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. దానికి ముందు కొలరాడోలో మచ్చల పళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెక్‌కే ఉన్నాడు. 1931లో నీటిని పరీక్షించి కారణం ఫ్లోరైడేనని తేల్చిన రసాయనవేత్త చర్చిల్ ఉన్నాడు. ఎంత మేలో, ఎంత కీడో వాళ్ళు కొలిచారు, ఆ కొలత ప్రకారం పంపు తిప్పారు. కొలత మనకూ అప్పటికే తెలుసు. పంపు మాత్రం తిరగలేదు. ఈ తేడాకు కారణం కెమిస్ట్రీలో వెతికితే దొరకదు.

ప్రయత్నాలే జరగలేదని కాదు. 1970ల్లో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి గిలక్కొడతారు. పటికలోని అల్యూమినియం దూదిపింజల్లాంటి హైడ్రాక్సైడ్‌గా మారి, ఫ్లోరైడ్‌ను అంటించుకుని అడుగుకు దిగుతుంది. ఖర్చు తక్కువ, బకెట్‌లోనూ చేయవచ్చు. అయితే నీళ్ళ స్వభావాన్ని బట్టి పటిక పాళ్ళు రోజూ సరిచూసుకోవాలి, అడుగున చేరిన మడ్డి ఎక్కడ పారబోయాలో ఆలోచించాలి. బాధ్యత తీసుకునే మనిషి లేని చోట యంత్రం తుప్పు పట్టింది. నా ఉద్దేశంలో ఫ్లోరైడ్ ఉన్న ఊరికి అసలైన మందు ఫ్లోరైడ్ లేని నీళ్ళే. నల్గొండ జనం అడిగిందీ అదే. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంతో నది నీళ్ళు ఇళ్ళకు చేరాయి. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని లెక్క చెప్పారు. ఎముకల్లో ముందే చేరిపోయింది మాత్రం అంత తొందరగా వదలదు. ఇక పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల వాళ్ళు అలాంటి నది నీళ్ళ కోసమే దశాబ్దాలుగా వెలిగొండ సొరంగాల వైపు చూస్తూ వచ్చారు.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. కొత్తగా బోరు వేయించినవారు మోటారు కంపెనీ గురించి పదిమందిని అడుగుతారు. సీసాడు నీళ్ళు గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షా కేంద్రానికి పంపేవారు అరుదు. పిల్లలున్న ఇల్లయితే ఆ పరీక్ష చేయించకుండా ఆ నీళ్ళు తాగించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ఇరవై అయిదు డిగ్రీలు

నౌపడ నుంచి చినగంజాం మీదుగా నెల్లూరు తీరం దాకా ఉప్పు మడుల్లో పనిచేసేవారికి కెమిస్ట్రీ ఎవరూ చెప్పనక్కరలేదు. సముద్రపు నీటిని ముందు పెద్ద మడుల్లో, తర్వాత చిన్న మడుల్లో ఎండకు పెట్టి, చిక్కదనాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. సాంద్రతను కొలిచే ఆ బోమే లెక్కలో సముద్రపు నీరు మూడున్నర డిగ్రీలు. పదమూడు దాటాక జిప్సం పేరుకుంటుంది. ఇరవై అయిదుకు చేరగానే ఉప్పు గింజ కడుతుంది. అప్పటిదాకా నీటిలో విడివిడిగా తిరిగిన సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి చేరి చదరపు గళ్ళు కడతాయి. చేతిలోకి తీసుకున్న కల్లుప్పు పలుకును వెలుగులో పెట్టి చూడండి. అంచులు సూటిగా, మూలలు పెట్టె మూలల్లా ఉంటాయి. కంటికి కనిపించని అయాన్ల అమరికే అలా కంటికి కనిపించేంత పెరిగి నిలబడింది.

ముప్పై డిగ్రీల దగ్గర మిగిలిన నీటిని బయటికి వదిలేయాలి. ఆలస్యమైతే ఆ చేదు నీటిలోని మెగ్నీషియం క్లోరైడ్ ఉప్పులో కలిసి చెడగొడుతుంది. వానాకాలం కల్లుప్పు జాడీ అడుగున నీరు ఊరడానికి కారణం ఈ మెగ్నీషియమే. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ చెమ్మగిల్లదు. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ చాలు. ప్యాకెట్ ఉప్పు పొడిగా జారిపోతుందంటే అందులో మెగ్నీషియాన్ని కడిగేసి, గడ్డకట్టకుండా చూసే పొడి కలిపారన్నమాట. మడుల నుంచి వదిలేసే ఆ చేదు నీటిలో బ్రోమైడ్ కూడా చిక్కబడి ఉంటుంది. 1826లో ఫ్రాన్స్‌లో బలార్ అనే యువకుడు బ్రోమిన్‌ను మొదట కనిపెట్టింది ఇలాంటి ఉప్పు మడి నీటిలోనే.

ఎండాకాలమంతా ఎదురుచూసి గింజ కట్టిన మడి ఒక్క అకాల వర్షానికి మళ్ళీ నీళ్ళవుతుంది. కరగడం ఉప్పుకు సహజం, కాని ఆ కూలీ ఇంటికి అది ఆ నెల తిండి. మన సూపర్ మార్కెట్ బిల్లులో అన్నిటికంటే చవకైన వస్తువు వెనక ఉన్న చెమటకు తగిన గౌరవం దక్కలేదన్నది నా బాధ.

ఆవకాయలో ఉప్పు పచ్చడి బరువులో పదో వంతు పైనే ఉంటుంది. అంత ఉప్పదనంలో సూక్ష్మజీవి తన ఒంట్లోని నీటిని బయటికి వదులుకుని ఎండిపోతుంది, ముక్క ఏడాది నిలుస్తుంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ లీటరులో ఉప్పు సరిగ్గా 9 గ్రాములు. అంతకు తగ్గినా పెరిగినా రక్తకణం ఉబ్బడమో ముడుచుకోవడమో జరుగుతుంది. విరేచనాలైన బిడ్డకు పట్టే ఓఆర్‌ఎస్ లీటరులో సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు. పేగు గోడలో గ్లూకోజ్ అణువు వెంట సోడియం లోపలికి పోతుంది, సోడియం వెంట నీళ్ళు పోతాయి. ప్యాకెట్‌ను చెప్పిన లీటరు నీటిలోనే కలపాలని నర్సమ్మ గట్టిగా చెప్పేది అందుకే.

నవాసారం పొగ, పొటాష్ బస్తా

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే పొయ్యి దగ్గర నిలబడ్డ తరానికి ఇంకో హాలైడ్ వాసన గుర్తుండాలి. గిన్నెను బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, చిటికెడు నవాసారం లోపల చల్లేవారు. తెల్లటి పొగ గుప్పున లేచేది, ముక్కు మండేది. ఆ క్షణంలోనే తగరం ముక్కను తాకించి దూదితో చకచకా గిన్నె అంతా తిప్పితే నల్లటి లోపలి భాగం వెండిలా మెరిసేది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. గిన్నె మీద పట్టిన ఆక్సైడ్ పొరను హైడ్రోజన్ క్లోరైడ్ క్లోరైడ్‌గా మార్చి తొలగిస్తుంది. శుభ్రమైన లోహం కనిపించిన ఆ కాసేపట్లోనే తగరం అంటుకుపోవాలి. అందుకే ఆ చేతుల వేగం. పొగ చల్లారితే మళ్ళీ గాలి తగిలి పొర కడుతుంది. ఏ ల్యాబ్‌లోనూ చదవని ఆ పనివాడు ఎంత నవాసారం, ఎంత వేడి, ఎన్ని క్షణాలు అన్నది కంటితో కొలిచేవాడు.

ఎరువుల కొట్లో పొటాష్ అని అడిగితే ఇచ్చే బస్తాలో ఉండేది పొటాషియం క్లోరైడ్. ఇనుము ఆక్సైడ్ కలిసినది ఎర్రగా ఉంటుంది. వరికీ కొబ్బరికీ ఇది చవకైన పొటాషియం. ఒక్క పొగాకు రైతు మాత్రం దీన్ని దగ్గరికి రానివ్వడు. ఆకులో క్లోరైడ్ ఎక్కువైతే తేమ పట్టి సరిగ్గా కాలదు, వేలంలో ధర పడిపోతుంది. అందుకే అతను ఎక్కువ ధర పెట్టి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కొంటాడు, బావి నీటిలో క్లోరైడ్ ఎంతో పరీక్ష చేయించుకుంటాడు. డబ్బు నష్టం కనిపించిన చోట కొలత ఎంత సహజంగా అలవాటవుతుందో చూడండి.

అదే పొటాషియం క్లోరైడ్, ఆహారానికి తగ్గట్టు శుద్ధి చేసినది, ఇప్పుడు వంటింటి వైపు వస్తోంది. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మందిపై జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. ఉప్పులో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్‌గా మార్చి ఇచ్చిన ఊళ్ళలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు ఇలాంటి ఉప్పును సూచించింది. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం దీని జోలికి పోకూడదు. పొటాషియాన్ని బయటికి పంపలేని కిడ్నీ ఉన్నప్పుడు గుండె లయ తప్పుతుంది. ఊరగాయ, అప్పడం, వడియం లేని భోజనం ఊహించలేని మనకు ఈ మార్పు ఎంతో అవసరం. కాకపోతే డాక్టరును అడిగాకే.

వెండి మీద పడిన వెలుగు

ఫలక్‌నుమా ప్యాలెస్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేట విడిదులు, నాటి హైదరాబాద్ ప్రముఖుల ముఖాలు మనకు కళ్ళకు కట్టినట్టు తెలుసంటే అది రాజా దీన్ దయాళ్ కెమెరా చలవ, ఆయన గాజు పలకల మీది వెండి హాలైడ్ల చలవ. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన ఆయన, పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ఒక స్టూడియో కూడా పెట్టించారు. ఆయన పలకలు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

వెండి బ్రోమైడ్ స్ఫటికం మీద వెలుగు పడితే బ్రోమైడ్ తాను అందుకున్న ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. పక్కనున్న వెండి అయాను దాన్ని తీసుకుని లోహపు పరమాణువు అవుతుంది. ఒక స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు గుంపుగా చేరితే చాలు. కంటికి ఏమీ కనిపించదు, బొమ్మ మాత్రం పడిపోయినట్టే. డెవలపర్‌లో ముంచగానే ఆ గుంపున్న స్ఫటికం మొత్తం, కోట్ల కొద్దీ అయాన్లతో సహా, నల్లటి వెండిగా మారుతుంది. వెలుగు తాకని వెండి బ్రోమైడ్‌ను హైపో అనే ద్రావణం కరిగించి తీసేస్తుంది. ఎర్ర బల్బు వెలిగే డార్క్‌రూమ్‌లో ట్రే లోని తెల్ల కాగితం మీద ముందు జుట్టు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత పెదవులు తేలిరావడం చూసినవారెవరూ మరచిపోలేరు. ఎక్కువ వెండి మారిన నల్లని భాగాలే ముందు కనిపిస్తాయి మరి. మన పాత తెలుగు సినిమాల నెగటివ్‌లు, ఒకప్పటి ఆసుపత్రి ఎక్స్‌రే ఫిల్ములు అన్నీ ఈ రసాయనమే. పాత ఎక్స్‌రే ఫిల్ములను కొనేవారు కొనేది వాటిలో మిగిలిన వెండి కోసం.

వెండి అయోడైడ్‌ది మరో దారి. దాని స్ఫటికంలో పరమాణువుల అమరిక మంచు గడ్డ అమరికకు చాలా దగ్గర. మబ్బులో గడ్డకట్టాల్సిన చలిలోనూ నీరుగానే ఉండిపోయిన తుంపరలకు ఈ రేణువు దొరికితే దాని మీద మంచుగా పేరుకుంటాయి. 1946లో అమెరికాలో బెర్నార్డ్ వొన్నెగట్ దీన్ని కనిపెట్టాడు. రాయలసీమలో మేఘమథనం పేరుతో విమానాలు తిరిగిన రోజులు మనకు గుర్తే. మబ్బు చల్లగా ఉంటే వెండి అయోడైడ్, వెచ్చగా ఉంటే తేమను లాగే కాల్షియం క్లోరైడ్ లాంటి ఉప్పులు వాడతారు. ఉన్న మబ్బును కాస్త తొందరపెట్టడమే గాని లేని మబ్బును తేవడం దీని వల్ల కాదు. కరవు సీమకు దీన్ని పరిష్కారంగా చూపడం నాకు సమ్మతం కాదు.

కాంగ్రా లోయలో సిక్కోలు డాక్టరు

మనిషికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్ళ జీవితానికి కలిపి లెక్కేసినా నాలుగు గ్రాములు కాదు. మెడలోని థైరాయిడ్ గ్రంథి రక్తంలోంచి అయోడైడ్‌ను ఏరుకుని హార్మోను తయారు చేస్తుంది. దొరకకపోతే ఇంకా ఏరుకోవాలని తాను ఉబ్బుతుంది. అదే గాయిటర్. గర్భంలోని బిడ్డకు అందకపోతే మెదడు ఎదగదు. హిమాలయాల మట్టిలోంచి అయోడిన్‌ను హిమానీనదాలు, వానలు ఎప్పుడో కడిగేశాయి. అక్కడ పండిన గింజలో ఉండదు, ఆ గింజ తిన్న మనిషిలో ఉండదు.

1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, 1956లో ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో సహచరులతో కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. లోయను మూడు మండలాలు చేశారు. బడి పిల్లల్లో మూడో వంతుకు పైగా గాయిటర్ ఉన్న చోటు అది. ఒక మండలానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, మరో దానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మూడో దానికి మామూలు ఉప్పు వెళ్ళాయి. అయిదారేళ్ళకు అయోడిన్ అందిన రెండు మండలాల్లోనూ గాయిటర్ బాగా తగ్గింది, మూడోదానిలో తగ్గలేదు. ఆ తర్వాత మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గుముఖం పట్టింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రామలింగస్వామి తర్వాత ఎయిమ్స్ డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేశారు. కోట్లాది పిల్లల మెదడును కాపాడిన ఈ తెలుగువాడి పేరు మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అమెరికా, స్విట్జర్లాండ్ 1920ల్లోనే ఉప్పులో అయోడైడ్ కలిపాయి. మన దేశం అయొడేట్ ఎంచుకుంది. కారణం ఇందాక చెప్పుకున్న మెగ్నీషియం చెమ్మే. తడిసిన, అంతగా శుద్ధి చేయని ఉప్పులో అయోడైడ్ గాలి తగిలి తన ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని, అయోడిన్‌గా మారి ఎగిరిపోతుంది. ఆక్సిజన్‌తో కట్టిపడేసిన అయొడేట్ అలా పోదు. ఒంట్లోకి వెళ్ళాక దాన్ని శరీరమే అయోడైడ్‌గా మార్చుకుంటుంది. ఆ తర్వాత హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ అదే ఉప్పులో ఇనుమూ చేర్చాలనుకుంది. ఇనుము అయోడిన్‌ను తరిమేస్తుంది కాబట్టి, రెండూ తగవు పడకుండా ఒక ఫాస్ఫేట్‌ను కలిపి రెండు పోషకాల ఉప్పును తయారు చేసింది.

ఇంటికి చేరిన ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. రోజుకు పది గ్రాముల ఉప్పు తినే ఇంట్లో అంటే సరిగ్గా 150 మైక్రోగ్రాములు. ఉప్పు తగ్గించుకుంటున్న ఇల్లయితే ఆ పదిహేను కచ్చితంగా ఉండాల్సిందే. మూత బిగించిన డబ్బాలో, పొయ్యికి దూరంగా, తడి చెయ్యి తగలకుండా పెట్టండి. కూర దించే ముందు ఉప్పు వేయడం ఇంకా మంచిది. వీధి బండి మీద బస్తాల్లో వచ్చే కల్లుప్పు వాడేవారు మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. ఆమె దగ్గర చిన్న సీసాలో గంజి కలిసిన ద్రావణం ఉంటుంది. చెంచాడు ఉప్పు మీద ఒక చుక్క వేస్తే, అయోడిన్ ఉన్నప్పుడు ఊదా రంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే అయోడిన్ అంత ఎక్కువ. తెల్లగానే ఉండిపోతే ఆ ఉప్పు పచ్చళ్ళకు ఉంచుకుని, రోజువారీ వంటకు వేరేది కొనండి.